మిగిలిన మాత్రల డబ్బా

మా మనవరాలు బస్సు తోలుతుంది. సందుల్లో తిరిగే బస్సు కాదు, కొండ మీదికి వెళ్ళొచ్చే బస్సు. మలుపు తిరిగిన ప్రతిసారీ ఒక పక్క రాతిగోడ ఉంటుంది, రెండో పక్క గాలి తప్ప ఏమీ ఉండదు. డిపోలో ఆడ డ్రైవర్లు గుప్పెడుమంది ఉన్నా ఆ రూటు దక్కింది దీనొక్కదానికే. దానికోసం ఏళ్ళ తరబడి సందుల్లో గేర్లు మార్చింది. పరీక్ష పెట్టిన రోజున "వెనక్కి ఎక్కించగలవా అమ్మాయ్?" అని నవ్విన పెద్దమనుషుల ముందు, వానలో, మలుపు దగ్గర బస్సుని వెనక్కి ఎక్కించి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగి, "ఇంకోసారి చూపించమంటారా?" అని అడిగిందట. అడిగే ఉంటుంది. నాకు దాని నోరు తెలియదా?

అలాంటి పిల్ల ఒక సాయంత్రం ఇంటికొచ్చి, మంచినీళ్ళైనా తాగకుండా, "అమ్మమ్మా, కొండ రూటు ఇచ్చేస్తున్నా," అంది.

"ఎవరికే?"

"ఎవరికైనా. నన్ను టికెట్ల కిటికీలో వేస్తే చాలు. నిలబడి చేసే పనైతే మరీ మంచిది."

నిలబడి అన్న మాట దగ్గర నాకు సంగతి తెలిసిపోయింది.

అది కొత్త సంగతి కాదు. ఏడాది దాటింది మొదలై. విరిగిన పాలలా తెల్లబట్ట, కింద ఒకటే దురద, ఒంటేలుకి వెళ్తే నిప్పు తగిలినట్టు మంట. మందు వేసుకుంటే తగ్గుతుంది. హమ్మయ్య అనుకుని నెల తిరిగేసరికి పిలవని చుట్టంలా మళ్ళీ గుమ్మంలో ఉంటుంది. తల్లి దగ్గర నోరు విప్పదు, మొగుడి దగ్గర గోడవైపు తిరిగి పడుకుంటుంది. నా దగ్గర చెప్తుంది, నేను ఎవరి కడుపులో ఏముందో తవ్వి తీసేదాకా ఊరుకోను కాబట్టి.

డ్రైవరు సీటంటే ఏమనుకున్నారు? పైన రెక్సిను, కింద ఇంజను వేడి, ఒంటికి గాలి చొరని యూనిఫాం ప్యాంటు. పొద్దున ఎక్కితే కొండ మీద స్టాండు వచ్చేదాకా దిగడానికి లేదు. మగ డ్రైవరైతే ఎక్కడో ఓ పొద పక్కన బండి ఆపుకుంటాడు. ఇది ఎక్కడ ఆపుతుంది? దురద పుడితే కదలకూడదు, వెనకాల బస్సు నిండా జనం. పళ్ళు బిగబట్టి తోలి తోలి, ఇంటికొచ్చేసరికి దాని మొహం పిండేసిన గుడ్డలా ఉండేది. ఉండబట్టలేక కొన్నిసార్లు సెలవు పెట్టింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అన్నట్టు, డిపోలో డ్యూటీలు వేసే కంట్రోలరు పిలిచి, "ఒంట్లో బాగాలేదు, బాగాలేదు అంటే ఏం బాగాలేదమ్మా? ఇంకోసారి ఆఖరి నిమిషంలో సెలవంటే కొండ రూటు వేరేవాళ్ళకి రాస్తా," అన్నాడు. ఏం చెప్తుంది ఆ పెద్దమనిషికి? నేల చూసి వచ్చేసింది.

"వాళ్ళు తీసేసుకునేలోపు నేనే ఇచ్చేస్తే పరువుగా ఉంటుందమ్మమ్మా."

"పరువు సరే, రోగం ఎక్కడికి పోతుంది? కిటికీ దగ్గర నిలబడితే దురదపెట్టదా? మందేం వాడుతున్నావ్?"

"డబ్బాలోది."

ఆ డబ్బా గురించి చెప్పాలి. డిపోలో ఆడవాళ్ళు కూర్చునే గదిలో బీరువా మీద ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. ఆ గదికి పెద్దదిక్కు వర్క్‌షాపులో మెకానిక్కు, అందరూ గ్రీజక్క అంటారు. ఆమె కొత్తగా చేరిన రోజుల్లో ఇలాంటి మందు కావాలని మందుల షాపుకి వెళ్తే, కౌంటర్లో కుర్రాడు పక్కవాడికి వినపడేలా రెండుసార్లు అడిగి నవ్వాడట. ఆమె తిరిగొచ్చి, "ఇకమీదట మనలో ఎవరూ వాడి మొహం చూడక్కర్లేదు," అని ఆ డబ్బా పెట్టింది. తగ్గినవాళ్ళు మిగిలిన మాత్రలూ, సగం వాడిన ట్యూబులూ అందులో వేస్తారు. వచ్చినవాళ్ళు తీసుకుంటారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. తనకి తగ్గాక కూడా మాత్రలు దాచుకున్న మనిషిని అక్కడ పిసినారి కింద లెక్కేస్తారు.

ఆ గది ఆడవాళ్ళ మీద నాకు ఈగ వాలనివ్వాలని ఉండదు. ఒకరి కోసం ఒకరు ఎండలో ట్రిప్పులు మార్చుకునే మనుషులు. కానీ ఆలోచించండి. మిగిలిన మాత్ర అంటే ఏమిటి? ఎవరో మింగవలసి ఉండి మింగనిది. అక్కడ ఒక్కరూ మందు పూర్తిగా వాడిన పాపాన పోలేదు.

నేను దాన్ని పెద్దాసుపత్రికి లాక్కెళ్ళాను. ఆడవాళ్ళ విభాగం ముందు బల్లలు, బల్లల నిండా మేము. ఫ్యాను తిరుగుతుంది, గాలి రాదు. మా వంతు వచ్చేసరికి నా మోకాళ్ళు రాళ్ళయ్యాయి. డాక్టరమ్మ చిన్నదే, కళ్ళ కింద నల్లటి చారలు, మా అందరికంటే ఆమే అలిసిపోయినట్టుంది.

"ఎన్నాళ్ళుగా?" అని అడిగింది. ఇది చెప్పింది. "ఏడాదిలో ఎన్నిసార్లు?" మనవరాలు వేళ్ళు మడిచి, ఒక చెయ్యి చాలక రెండోది తీసింది. "ఏం వాడావు?"

"మాత్ర. ఒక్కోసారి క్రీము. నిన్న కూడా ఒకటి వేసుకున్నానండీ."

"ఏ మాత్ర?"

"గులాబీ రంగుది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. "గులాబీ రంగువి మా ఫార్మసీలో బోలెడున్నాయమ్మా. ఎవరు రాసిచ్చారు?"

ఇది నావైపు చూసింది. నేనే అందుకుని డబ్బా కథంతా చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నవ్వీ నవ్వనట్టు, "మా హాస్టల్లో కూడా ఇలాంటిదొకటి ఉండేది మామ్మగారూ," అంది. తర్వాత దీనివైపు తిరిగి, "చూడమ్మా, నిన్ననే మందు పడింది కాబట్టి ఇప్పుడు పరీక్ష చేసినా సరిగా తేలదు. ఈస్ట్ అని నువ్వనుకుంటున్నావు, అయ్యుండొచ్చు. కానీ అదే అనుకుని వచ్చేవాళ్ళలో చాలామందికి వేరేది ఉంటుంది. అందులోనూ రకాలున్నాయి, మామూలు మాత్రకి లొంగనిది ఒకటి ఉంది. ఏదో తెలియకుండా మందిస్తే నేనూ మీ డబ్బా ఒకటే. ఇప్పుడేమీ వాడకు. మళ్ళీ మొదలవగానే, ఏమీ ముట్టుకోకుండా, నేరుగా నా దగ్గరికి రా."

"మళ్ళీ వచ్చేదాకా ఎదురుచూడాలా?" అంది మనవరాలు.

"చూడాలి."

చక్కెర ఉందేమోనని రక్తం తీశారు, లేదన్నారు. కడుపుతో ఉన్నావా అంటే అదీ లేదు. ఉత్త చేతులతో వచ్చేశాం. రోగం కోసం చుట్టం కోసం చూసినట్టు చూడడం నా జన్మలో అదే మొదలు.

వచ్చింది. రాకుండా ఎక్కడికి పోతుంది? మనవరాలు పొద్దున్నే ఫోను చేసింది, డిపో నుంచే. "మొదలైందమ్మమ్మా. గ్రీజక్క డబ్బా తెచ్చి ఒళ్ళో పెట్టింది." ఆ పక్కన ఆమె గొంతు నాకూ వినిపిస్తోంది. "వేసుకోవే పిల్లా, ఎవరికోసం ఈ తపస్సు? డాక్టర్లకేం, వాళ్ళు కుర్చీలో కూర్చుంటారు, నువ్వు ఇంజను మీద కూర్చుంటావు."

"ఏం చేస్తావ్?" అన్నాను.

"ఈ ట్రిప్పు మైకు తోలుతానంటోంది. నేను ఆసుపత్రికి పోతున్నా. నువ్వు రా," అంది.

మైకు అంటే దీని స్నేహితురాలు, దీనితోపాటే డ్రైవరుగా చేరింది. దాని గొంతుకి ఆ పేరు పెట్టారు. బస్సు చివరి సీట్లో నిద్రపోయేవాణ్ణి హారన్ లేకుండా లేపుతుంది. ఇది సెలవు పెట్టిన ప్రతిసారీ, రూటు వేరేవాళ్ళకి పోకుండా, ఆ కొండ బస్సు తోలింది మైకే.

దూదిపుల్లతో తీసి ల్యాబుకి పంపారు. పాలు తోడు పెట్టినట్టు పెట్టి ఏం పెరుగుతుందో చూస్తారట. అది తేలడానికి రోజులు పడుతుందని, ఈలోగా మంట ఆగడానికి రాత్రిళ్ళు లోపల పెట్టుకునే మాత్రలిచ్చింది డాక్టరమ్మ. ఫలితం వచ్చాక మళ్ళీ వెళ్ళాం. ఈసారి దీని మొగుడు కూడా వెంట వచ్చాడు. బోర్డులు రాసుకునే మనిషి, గోళ్ళ నిండా రంగులు, మాట తక్కువ.

"మామూలు ఈస్టే," అంది డాక్టరమ్మ. "అది మంచి వార్త. మొండిరకం అయ్యుంటే బోరిక్ పొడి నింపిన గొట్టం మాత్రలు లోపల పెట్టుకోమని ఇవ్వాల్సి వచ్చేది. అవి నోట్లో వేసుకుంటే విషం, ఇంట్లో పిల్లలుంటే భయం. ఆ అవసరం లేదు. ఇప్పుడు రెండు దారులున్నాయి. ఈ లోపల పెట్టుకునేవాటితోనే కొనసాగించొచ్చు. లేదా మింగే మాత్ర. ఇవాళ ఒకటి, మూడ్రోజులకి ఒకటి, మళ్ళీ మూడ్రోజులకి ఒకటి. అక్కడితో దురదా మంటా పోతాయి. అసలు కష్టం ఆ తర్వాతే."

"తర్వాతేముంది?" అన్నాను.

"వారానికొకటి. ఆరు నెలలు. బాగున్నా వేసుకోవాలి. బాగున్నప్పుడే వేసుకోవాలి."

"ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు తల్లీ. మా పిల్ల మాత్రయిపోదు కదా?"

డాక్టరమ్మ ఈసారి నిజంగానే నవ్వింది. దీని మొగుడు గొంతు సవరించుకుని, సవరించుకుని, చివరికి టేబులుని చూస్తూ, "నేను కూడా వేసుకోవాలాండీ?" అన్నాడు.

"మీకేమైనా దురదా, ఎర్రబడడమా?"

"లేదండీ."

"అయితే అక్కర్లేదు. ఇది మీరిచ్చిందీ కాదు, ఆమె మీకిచ్చేదీ కాదు."

ఆ మాటకి అతని భుజాలు దిగాయి. దీని భుజాలు కూడా. ఇన్నాళ్ళూ ఈ ఇద్దరూ ఒకరికొకరు చెప్పకుండా ఏం మోశారో నాకప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ ఇంకా చెప్పింది. లోపల సబ్బులూ వాసన నీళ్ళూ పోసి కడగొద్దు, అది తనను తాను కడుక్కుంటుంది. నూలు లోబట్టలు వేసుకో, చెమట బట్టలు డ్యూటీ దిగగానే మార్చు. వేరే మందులేవైనా వాడితే చెప్పు. కడుపు వచ్చిందనిపిస్తే మాత్ర ఆపి వెంటనే రా.

"ఆరు నెలలయ్యాక ఇక రాదుగా?" అని అడిగింది మనవరాలు.

"సగం మందికి మళ్ళీ వస్తుందమ్మా. నేను అబద్ధం చెప్పను. అదుపులో ఉంటుంది అని చెప్పగలను, పోతుంది అని చెప్పలేను. వస్తే మళ్ళీ చూద్దాం."

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. "సగం," అంది. అంతే.

సగమైనా సగమే కదా. మొదటి మూడు మాత్రలకే నెమ్మదించింది. వారాలు గడిచాయి. నెలకి సరిపడా మాత్రలు ఆసుపత్రిలో ఇచ్చేవాళ్ళు, అయిపోగానే మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేది. కొండ రూటు ఒక్కరోజూ తప్పలేదు. ఒకనాడు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి పైదాకా తీసుకెళ్ళింది. మలుపుల్లో నేను దేవుళ్ళందరినీ తలుచుకుంటుంటే అద్దంలో నన్ను చూసి ఈల వేసింది, గాడిద.

అలాంటప్పుడు మైకు మా ఇంటికొచ్చింది. దీని విశ్రాంతి రోజది. వచ్చీ రాగానే తలుపు మూసి, గుసగుసలాడుతున్నాననుకుంటూ, పక్కింటి వాళ్ళకి సైతం వినిపించేలా, "నాక్కూడా నీదే వచ్చిందే," అంది.

"గట్టిగా అరవకే తల్లీ," అన్నాను.

"గుసగుసలాడుతున్నా కదా మామ్మా!" కూర్చోలేక నిలబడే ఉంది. "డబ్బా ఖాళీ. ట్యూబొకటుంటే పిండి పిండి చూశా. నీ దగ్గర కొత్త మాత్రల షీటుందని గ్రీజక్క చెప్పింది. నువ్విప్పుడు బాగానే ఉన్నావు కదా. అదిచ్చెయ్."

మనవరాలు కదల్లేదు. "నాకింకా అవ్వలేదే. నాలుగు నెలలు ఉంది."

"దురద ఉందా?"

"లేదు."

"మంట?"

"లేదు."

"మరి దేనికి దాచుకున్నావు, ఊరగాయ పెడతావా?"

మామూలుగా అయితే ఇది పగలబడి నవ్వేది. లోపలికెళ్ళి షీటు తెచ్చింది. ఇచ్చేస్తుందనే అనుకున్నాను. చేతిలో పట్టుకుని నిలబడింది. మైకు చెయ్యి చాపింది. నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకెంత కష్టమో మా ఇంటిల్లిపాదికీ తెలుసు.

"ఇవ్వనే," అంది మనవరాలు. "ఇస్తే నాకు మొదటికొస్తుంది. నీకూ పని చేస్తుందో లేదో తెలియదు. నీకేం వచ్చిందో కూడా మనకి తెలియదు. నాతో ఆసుపత్రికి రా."

"ఎప్పుడు రాను? రేపు నాకు డ్యూటీ, ఎల్లుండి డ్యూటీ. నీలా సెలవులు పెడితే నా బండి ఎవరు తోలతారు?" మైకు మొహం జేవురించింది. "నీ కొండ రూటు నీ పేరు మీద నిలబడి ఉందంటే ఎవరివల్లే? ప్రతిసారీ నేను తోలా. ఎందుకని అడిగానా? నాలుగు మాత్రలు అడిగితే డాక్టరమ్మ కబుర్లు చెప్తున్నావు. ఉంచుకో. మెళ్ళో వేసుకుని తిరుగు."

తలుపు వేసిన చప్పుడుకి గోడ మీద గడియారం పక్కకి ఒరిగింది.

మర్నాడు డిపోలో ఎవరూ దీనితో మాట్లాడలేదట. దీని టీ గ్లాసు దొంతర అడుగునే ఉండిపోయిందట, ఎవరూ నింపి పక్కన పెట్టలేదట. గ్రీజక్క బండి కింద నుంచి కాళ్ళు మాత్రం బయటపెట్టి, "తగ్గినోళ్ళకి తగ్గనోళ్ళ బాధ ఏం తెలుస్తుందిలే," అన్నదట. ఇదంతా చెప్తూ అన్నం ముందు కూర్చుని కెలుకుతోంది.

"ఇచ్చేసి ఉండాల్సిందా అమ్మమ్మా?"

"మాత్రలా? లేదు."

"మరేమివ్వను దానికి? ఊరికే చేతులూపుకుంటూ ఎలా ఉండను?"

"అది నీకేం ఇచ్చింది?"

ఆలోచించింది. ముద్ద నోట్లో పెట్టుకుంది, చాలాసేపు నమిలింది.

తర్వాతి విశ్రాంతి రోజు పొద్దున్నే యూనిఫాం వేసుకుంది. కంట్రోలరు దగ్గరికెళ్ళి, "మైకుకి ఆసుపత్రి పనుంది, దాని ట్రిప్పులు నేను తోలతాను," అందట. "ఏం, ఆమెకేమైంది?" అని ఆయన. "ఆడవాళ్ళ జబ్బు సార్. నాకున్నట్టే. నా సెలవులన్నీ దానికే. వివరంగా చెప్పమంటే చెప్తా," అందట. ఆయన కాగితాలన్నీ ఇటువి అటు, అటువి ఇటు పెట్టి, "అక్కర్లేదమ్మా, అక్కర్లేదు, తోలుకో," అన్నాడట. ఇంతకాలం ఇది నేల చూసింది. ఆ రోజు ఆయన చూశాడు.

మైకుని ఆసుపత్రికి తీసుకెళ్ళే పని నాకు పడింది. రాను అంది. నీ బండి అప్పుడే బయల్దేరిపోయింది, ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్ అంటే వచ్చింది. మళ్ళీ అదే బల్ల, అదే ఫ్యాను. మైకు నాతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టు గోడ చూస్తూ కూర్చుంది. దాని చేత అదెంతసేపు అవుతుంది?

"మామ్మా, ఇలాంటిది మీ కాలంలో ఉండేదా?"

"లేకేం? పేరే ఉండేది కాదు. పేరు లేనిదానికి మందెక్కడిది?"

"నాకు నీచు వాసన కూడా వస్తోంది. దానికొచ్చేదా?" గుసగుసే. ఆ వరసలో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పారు. ఎవరూ నవ్వలేదు. ఎదురు బల్ల మీద ఒకావిడ, "నాకూ అంతేనమ్మా," అని చీర కొంగు సర్దుకుంది.

డాక్టరమ్మ చూసింది, దూదిపుల్లతో తీసి అక్కడే ఏదో పరీక్ష చేసింది. "ఇది ఈస్ట్ కాదు," అంది. "లోపల ఉండాల్సిన మంచి క్రిములు తగ్గి వేరేవి పెరిగాయి. దీనికి మందు వేరే. వారం రోజులు వాడితే సరిపోతుంది. పూర్తిగా వాడాలి. మిగల్చకూడదు."

మైకు ఆమె మొహం చూసింది. "అయితే మా ఫ్రెండు మాత్రలు వేసుకుంటే తగ్గేది కాదా?"

"తగ్గేది కాదు. నీకు పని చెయ్యదు, ఆమెకి కోర్సు పోయేది."

బయటికొచ్చాక మైకు మందుల సంచీ ఊపుకుంటూ నడిచింది. బస్సు స్టాపులో, "అది ఇప్పుడు నా బండి తోలుతోందా?" అంది.

"తోలుతోంది."

"నా బండి క్లచ్చు గట్టిది మామ్మా. కాలు పీకేస్తుంది. చెప్పాల్సింది దానికి."

మనవరాలు ఆ పూట ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. ఎడమ కాలు ఈడుస్తూ వచ్చింది. విశ్రాంతి లేకుండా వారం డ్యూటీ దాని ఒంటి మీద ఉంది. ఇంకో వారం పొద్దున్నే కొండ ఎక్కాలి.

"ఏమందమ్మమ్మా డాక్టరు?"

చెప్పాను. మైకుది వేరే రోగం, వేరే మందు అని చెప్పాను. ఇది సంతోషిస్తుందనుకున్నాను, తను చేసింది సరైనదే అని. సంతోషించలేదు. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"నాకది తెలియదు కదా ఆ రోజు," అంది. "తెలియకుండానే ఇవ్వనన్నా. దానికి అదే పని చేసేదైతే?"

"అప్పుడైనా ఇవ్వకూడదు."

"ఇవ్వకపోయేదాన్నే. కానీ మైకుకి అది ఎప్పటికీ గుర్తుంటుంది."

అది లేచి వెళ్ళి, ఆ వారం మాత్ర షీటులోంచి నొక్కి తీసి, మంచినీళ్ళతో మింగింది. మొగుడు రంగు చేతులు కడుక్కొచ్చి, ఏమీ అడక్కుండా, దాని కాలు తీసి ఒళ్ళో పెట్టుకుని పిక్క నొక్కడం మొదలుపెట్టాడు. అది వద్దనలేదు. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రలోకి జారింది. పొద్దున్నే ట్రిప్పు ఉంది కదా అని నేను అలారం పెట్టి, దీపం తీసేశాను.